ముందు పడడం నేర్చుకోవాలి



గుంటూరు ప్రాంతంలో ఒక మిషను ఆసుపత్రిలో, ఎముకల వార్డులో నేను 27 సంవత్సరాలు నర్సుగా పనిచేశాను. విరిగిన చేతులకు, కాళ్ళకు కట్లు వేసేటప్పుడు డాక్టరుగారికి సాయపడడమే నా పని. అందుచేత పిల్లలు చెట్టెక్కినా, సైకిలు వేగంగా తొక్కినా నా కళ్ళకు ముందుగా వాళ్ళ ఎక్స్‌రేలే కనబడతాయి. అటువంటి నేను 2023 ఫిబ్రవరిలో నా ఇద్దరు పిల్లలతో కాశ్మీరులోని గుల్మార్గ్ వెళ్ళి, మంచు మీద పలకతో జారే స్నోబోర్డింగ్ అనే ఆట వాళ్ళు నేర్చుకుంటుంటే పక్కన నిలబడి చూశానంటే మా వార్డులో ఎవరూ నమ్మలేదు. ఆ ఆరు రోజుల సంగతులు, అక్కడ మేము నేర్చుకున్న జాగ్రత్తలు మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఎందుకు వెళ్ళాము?

మావారు 2021 మే నెలలో కోవిడ్ వ్యాధితో ప్రభువునందు నిద్రించారు. అప్పటికి మా బాబు పదిహేడేళ్ళవాడు. అంతవరకు ఇల్లంతా తానై తిరిగిన పిల్లవాడు మాట్లాడడం మానేశాడు. కాలేజీ నుండి రావడం, గదిలో కూర్చోవడం, ఫోనులో మంచుకొండల మీద జారేవాళ్ళ వీడియోలు చూడడం, అంతే. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఒకరోజు ఇంటికి వచ్చి, “అమ్మా, నేను దాచిన డబ్బుతో మనం ముగ్గురం గుల్మార్గ్ వెళ్దాం. వాడు ఆ బోర్డు ఎక్కాలి. నువ్వు అడ్డు చెప్పకు” అన్నది. అడ్డు చెప్పడానికి నా దగ్గర వంద కారణాలున్నాయి. కానీ బాబు ఆ మాట విని తలెత్తి చూశాడు. అనేక నెలల తరువాత వాడు అలా చూడడం. నేను సరేనన్నాను.

మంచు మైదానం

హైదరాబాదు నుండి ఢిల్లీ మీదుగా విమానంలో శ్రీనగర్ చేరాము. అక్కడి నుండి గుల్మార్గ్ సుమారు 50 కిలోమీటర్లు. తంగ్‌మర్గ్ అనే ఊరి వరకు దారి మన ఊరి దారుల్లాగానే ఉంటుంది. అక్కడ మా కారు దిగి, చక్రాలకు ఇనుప గొలుసులు చుట్టిన జీపు ఎక్కవలసి వచ్చింది. మిగిలిన 13 కిలోమీటర్లు దేవదారు చెట్ల మధ్య మలుపులు తిరుగుతూ ఎక్కే ఘాటు రోడ్డు. మంచు పడిన రోజుల్లో గొలుసులు లేని బండిని ఆ దారిలో ఎక్కించడం ఎంత ప్రమాదమో మొదటి మలుపులోనే తెలిసింది.

గుల్మార్గ్ అంటే పూల మైదానం అని అర్థం. సముద్రమట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తున, చుట్టూ కొండల మధ్య గిన్నెలాగా ఉన్న పచ్చిక బయలు అది. మేము వెళ్ళేసరికి పూలూ లేవు, పచ్చికా లేదు. ఇంటి కప్పుల మీద, కంచెల మీద, చెట్ల కొమ్మల మీద తెల్లని మంచు. బయలు మధ్యన ఒక దిబ్బ మీద బ్రిటిషువారి కాలంలో, 1902లో కట్టిన సెయింట్ మేరీ చర్చి ఉంది. మోకాలిలోతు మంచులో నడిచి దాని దాకా వెళ్ళాము. పడమటి వైపు అఫర్వత్ కొండ గోడలాగా నిలబడి ఉంటుంది. దాని మీదికి గండోలా అనే కేబుల్ కారు రెండు అంచెలుగా వెళ్తుంది. 1998లో మొదలైన మొదటి అంచె కోంగ్‌డోరి వరకు తీసుకుపోతుంది. 2005లో మొదలైన రెండవ అంచె దాదాపు 3,950 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది.

శీతాకాలపు ఆటలకు మన దేశంలో ఇది పేరుపొందిన చోటు. కేంద్ర పర్యాటక శాఖ కింద పనిచేసే స్కీయింగ్, పర్వతారోహణ శిక్షణ సంస్థ ఇక్కడే ఉంది. 2020 నుండి ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు ఇక్కడ జరుగుతున్నాయి. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో భారతదేశం తరఫున పాల్గొన్న ఒకే ఒక్క క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్ ఈ ప్రాంతపు బిడ్డే.

ఒక తండ్రి చేసిన బొమ్మ

ఈ ఆట ఎలా పుట్టిందో మా అమ్మాయి దారిలో చెప్పింది. 1965 క్రిస్మస్ రోజున అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, మస్కీగన్ అనే ఊళ్ళో షెర్మన్ పాపెన్ అనే ఆయన తన కూతుళ్ళు ఆడుకోవడానికి రెండు స్కీ పలకలను పక్కపక్కన కలిపి బిగించాడట. పిల్లలు దాని మీద నిలబడి పెరటి దిబ్బ నుండి జారారు. ఆయన భార్య దానికి స్నర్ఫర్ అని పేరు పెట్టింది. 1977లో జేక్ బర్టన్ కార్పెంటర్ వెర్మాంట్ రాష్ట్రంలో బోర్డుల తయారీ మొదలుపెట్టి దానిని మెరుగుపరచినవారిలో ఒకడయ్యాడు. మొదట్లో స్కీ మైదానాలవారు చాలామంది ఈ బోర్డులను రానివ్వలేదు. 1998లో జపానులోని నగానో ఒలింపిక్స్ నాటికి అది ఒలింపిక్ క్రీడ అయింది. ఒక తండ్రి పండగపూట పిల్లల కోసం చేసిన బొమ్మ ఇంత దూరం వచ్చిందని వినగానే బాబు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నేనూ ఏమీ అనలేదు.

మొదటి రోజు బోర్డు ముట్టనివ్వలేదు

మాకు నేర్పడానికి ఒప్పుకున్న శిక్షకుడు ముప్పై ఏళ్ళ స్థానిక యువకుడు. హిందీలో మాట్లాడేవాడు, మా అమ్మాయి నాకు తెలుగులో చెప్పేది. ఆయన మొదటి మాటే నాకు నచ్చింది: “ఈ రోజు విశ్రాంతి. నీళ్ళు తాగండి, మెల్లగా నడవండి.” అంత ఎత్తున గాలి పలచన. సముద్రతీరంతో పోలిస్తే ప్రాణవాయువు నాలుగో వంతుకు పైగా తక్కువ అందుతుంది. వచ్చిన రోజే పరుగులు పెడితే తలనొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం మొదలవుతాయి. దాహం వేయకపోయినా నీళ్ళు తాగాలి. తలనొప్పి తగ్గకుండా, వాంతులతో, ఆయాసంతో పెరుగుతుంటే ఇంకా పైకి వెళ్ళకూడదు, కిందికి దిగిపోవాలి.

ఇంకొక సంగతి కూడా నర్సుగా చెబుతున్నాను. చలికి గదిలో బుఖారీ అనే కట్టెల పొయ్యి గానీ, బొగ్గుల కుంపటి గానీ పెట్టుకొని తలుపులు, కిటికీలు బిగించి పడుకోవద్దు. బొగ్గు నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పడుకొనేముందు నిప్పు ఆర్పాలి, కిటికీ కొంచెం తెరిచి ఉంచాలి.

ఆ సాయంత్రం సామాను అద్దెకు తీసుకున్నాము. దుకాణంవాడు తొందరలో బాబుకు ఒక సైజు పెద్ద బూట్లు ఇచ్చాడు. శిక్షకుడు వాటిని తిప్పి పంపాడు. ఆయన చెప్పినవి ఇవి. బూటు బిగుతుగా ఉండాలి, మోకాళ్ళు వంచినప్పుడు మడమ లోపల పైకి లేవకూడదు. బూటు వదులైతే బోర్డు మన మాట వినదు. మేజోళ్ళు ఒక్క జత చాలు, ఉన్నివి గానీ సింథటిక్‌వి గానీ అయి ఉండాలి. నూలువి చెమటకు తడిసి కాళ్ళను గడ్డకట్టిస్తాయి. నేర్చుకొనేవారికి బోర్డు నిలువుగా పెడితే గడ్డం దగ్గరకో, ముక్కు దగ్గరకో రావాలి, కొంచెం మెత్తగా వంగేది అయి ఉండాలి. హెల్మెట్ తలకు సరిగ్గా పట్టాలి. మణికట్టుకు గార్డులు తప్పనిసరి. మోకాళ్ళకు, తుంటికి మెత్తలు ఉంటే మంచిది. మంచు మీద పడిన ఎండ తిరిగి కళ్ళలోకి కొడుతుంది, కాబట్టి గాగుల్స్ లేకుండా నిలబడకూడదు. మబ్బు పట్టినా ముఖానికి, గడ్డం కింద కూడా సన్‌స్క్రీన్ రాసుకోవాలి.

ఏ కాలు ముందుండాలన్నది కూడా ఆయనే చూశాడు. బాబు ఏమరుపాటుగా ఉన్నప్పుడు వెనుక నుండి మెల్లగా తోశాడు. వాడు కుడికాలు ముందుకు వేసి నిలదొక్కుకున్నాడు. “నీకు కుడికాలు ముందు” అన్నాడు. మా అమ్మాయికి ఎడమకాలు. రెండిటిలో ఏదీ తప్పు కాదు. ఎవరి శరీరం వారిది.

పడడం ఒక విద్య

రెండవ రోజు ఉదయం కొత్తవాళ్ళు నేర్చుకొనే చిన్న వాలు దగ్గరకు వెళ్ళాము. మన ఊళ్ళో చెరువు గట్టు కన్నా కొంచెం ఎక్కువ వాలు, అంతే. బోర్డు పక్కన పెట్టించి శిక్షకుడు ముందు పడడం నేర్పాడు. అరగంటసేపు నా పిల్లలిద్దరూ పడ్డారు, లేచారు, పడ్డారు. నాకు కన్నీళ్ళు వచ్చినంత పనయింది, ఎందుకంటే ఆయన నేర్పుతున్నది మా వార్డుకు రాకుండా ఉండే పద్ధతి.

మనిషి పడబోయేటప్పుడు చేయి చాచి నేలను ఆపబోతాడు. అది మన స్వభావం. శరీరం బరువంతా ఆ అరచేతి మీద పడి మణికట్టు దగ్గర ఎముక విరుగుతుంది. స్నోబోర్డు నేర్చుకొనేవారికి ఎక్కువగా తగిలే దెబ్బలలో మణికట్టు దెబ్బ ముఖ్యమైనది. రెండు కాళ్ళూ ఒకే పలకకు బిగించి ఉంటాయి గనుక ఒక కాలు ముందుకు వేసి ఆపుకోవడం కుదరదు. అందుకని ముందుకు పడేటప్పుడు పిడికిళ్ళు బిగించి, మోచేతులు వంచి, మోకాళ్ళ మీద, ముంజేతుల మీద పడాలి. వెనక్కు పడేటప్పుడు ముందుగా కిందికి కుంగి, పిరుదుల మీద కూర్చున్నట్టుగా పడి, వీపు గుండ్రంగా చేసి దొర్లాలి. గడ్డం ఛాతీకి ఆనించాలి, లేకపోతే తల వెనక భాగం మంచుకు కొట్టుకుంటుంది. చేతులు వెనక్కు పెట్టకూడదు.

తరువాత ముందు కాలు ఒక్కటే బోర్డుకు బిగించి, వెనక కాలితో తోసుకుంటూ చదును మీద నడవడం. ఆ తరువాత చిన్న వాలు మీద నేరుగా జారి, చదునుకు వచ్చి తనంత తానే ఆగడం. ఆ మధ్యాహ్నమంతా అంతే.

మూడవ రోజు రెండు కాళ్ళూ బిగించారు. బోర్డుకు రెండు పక్కల ఇనుప అంచులుంటాయి. ఒకటి మడమల వైపు, రెండవది కాలివేళ్ళ వైపు. వాలుకు అడ్డంగా నిలబడి, ఎప్పుడూ కొండ పైవైపు ఉన్న అంచు మీదనే బరువు ఉంచాలి. ఏమరుపాటున కిందివైపు అంచు మంచులో దిగిందా, మనిషిని తిరగేసి కొడుతుంది. కొత్తవాళ్ళు గట్టిగా పడేది చాలావరకు ఇలాగే. మొదట మడమల అంచు మీద మెల్లగా కిందికి జారడం, ఆగడం. తరువాత ఎండుటాకు గాలిలో అటూ ఇటూ ఊగుతూ రాలినట్టుగా ఎడమకూ కుడికీ జారడం. అది వచ్చాక కొండ వైపు ముఖం పెట్టి కాలివేళ్ళ అంచు మీద అదే పని. రెండు అంచుల మీదా ఆగడం వచ్చిన తరువాతనే మలుపు తిరగడం. మోకాళ్ళు వంచి ఉంచాలి, బరువు కొంచెం ముందు కాలి మీద ఉండాలి, చూపు వెళ్ళవలసిన వైపు ఉండాలి. కాళ్ళ వైపు చూసినవాడు కాళ్ళ దగ్గరే పడతాడని ఆయన నవ్వుతూ అన్నాడు.

ఆ వాలు మీద మేము ఒంటరిగా లేము. చెక్క బండ్ల మీద యాత్రికులను లాగేవారు, ఫొటోలు తీసుకొనేవారు, పసిపిల్లలు అడ్డం వస్తూనే ఉంటారు. అందుకే ఆయన నాలుగు నియమాలు వల్లె వేయించాడు. మన ముందు, కింద ఉన్నవారికే దారి హక్కు, వెనక నుండి వచ్చేవాడే తప్పుకోవాలి. బయలుదేరేముందు పైవైపు చూడాలి. అలిసిపోతే వాలు మధ్యన కూర్చోకుండా, పైనుండి వచ్చేవారికి కనబడేటట్టు పక్కకు వెళ్ళి ఆగాలి. బోర్డు విప్పినప్పుడు తిరగేసి, పట్టీలు మంచులో గుచ్చుకునేటట్టు పెట్టాలి, లేకపోతే అది తనంతట తాను జారిపోయి కింద ఎవరి కాళ్ళనో విరగ్గొడుతుంది.

ఆ రోజు సాయంత్రం పిల్లలు బలవంతం చేస్తే నేనూ ఎక్కాను. శిక్షకుడు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. పది అడుగులు జారి, ఆయన చెప్పినట్టే కూర్చుండిపోయాను. మా బాబు నవ్వాడు. మావారు పోయిన తరువాత వాడి నవ్వు నేను విన్నది అప్పుడే.

ఆ రాత్రి మాట

నాలుగవ రోజుకు వాడికి మలుపులు వచ్చాయి. ఎడమకొకటి, కుడికొకటి కలుపుతూ చిన్న వాలు కింది వరకు దిగాడు. ఆ రాత్రి భోజనం దగ్గర, “అమ్మా, రేపు నేను పైకి వెళ్తాను” అన్నాడు. మా పక్కగదిలో ఉన్న ఇద్దరు కుర్రవాళ్ళు రెండవ అంచె గండోలాలో అఫర్వత్ మీదికి వెళ్ళి, తాడు కట్టిన హద్దు దాటి కొత్త మంచులో దిగుతారట. మనిషి తోడు అక్కరలేదన్నారట.

ఆ నెల 1వ తేదీననే అఫర్వత్ మీద మంచుచరియలు విరిగిపడి పోలెండు దేశస్థులు ఇద్దరు చనిపోయారు. ఊళ్ళో టీ దుకాణాల దగ్గర అందరూ ఇంకా దాని గూర్చే మాట్లాడుకుంటున్నారు. నేను “వద్దు” అన్నాను. కారణం కూడా చెప్పాను. వాడు కంచం పక్కకు జరిపి, “నాన్న ఇంట్లోనే ఉన్నారు కదమ్మా. మాస్కు పెట్టుకున్నారు. చేతులు కడుక్కున్నారు. ఎంత జాగ్రత్తగా ఉన్నారు? ఏమైంది? జాగ్రత్త వల్ల ఏమొచ్చింది?” అన్నాడు.

రెండేళ్ళుగా వాడి గదిలో మూసుకొని ఉన్న మాట అదేనని నాకు అర్థమైంది. నా దగ్గర జవాబు లేదు. రాత్రంతా నిద్రపట్టలేదు.

తెల్లవారి నేను శిక్షకుడితో సంగతి చెప్పాను. ఆయన బాబును కోప్పడలేదు. “పైకి నేను కూడా ఒంటరిగా వెళ్ళను” అన్నాడు. తన సంచి విప్పి చూపించాడు. మంచులో కూరుకుపోయినవారు ఎక్కడున్నారో తెలిపే చిన్న రేడియో పరికరం, గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ, మడిచే పార. జట్టులో ప్రతి మనిషి దగ్గరా ఈ మూడూ ఉండాలి, వాడడమూ వచ్చి ఉండాలి. కూరుకుపోయిన మనిషి బతకాలంటే మొదటి పది, పదిహేను నిమిషాలలోనే తవ్వి తీయాలి. కింది నుండి సాయం వచ్చేసరికి ఆ సమయం దాటిపోతుంది. కొత్తగా పడిన మంచు కింద పాత పొర బలహీనంగా ఉంటే 30 నుండి 45 డిగ్రీల వాలు మీద ఒక్క మనిషి బరువుకే పొర మొత్తం జారవచ్చు. అందులో చిక్కుకున్నవారిలో ఎక్కువమంది వారు గానీ, వారితో ఉన్నవారు గానీ కదిలించిన మంచులోనే చిక్కుకుంటారు.

తరువాత ఆయన బాబుతో ఇలా అన్నాడు: “ఈ వాలు మీద ఇప్పుడు రాత్రి గడ్డకట్టిన మంచుంది. నేను చెయ్యెత్తిన చోట కాలివేళ్ళ అంచు మీద మూడుసార్లు ఆగి చూపించు. తరువాత పైసంగతి మాట్లాడుకుందాం.”

మొదటిసారి వాడు ఆగాడు. రెండవసారి రెండు బారలు దాటి ఆగాడు. మూడవసారి కిందివైపు అంచు దిగింది. కళ్ళు మూసి తెరిచేలోగా మనిషి తిరగబడ్డాడు. నేను పరుగెత్తాను. మంచులో పరుగెత్తడం కుదరదని కూడా మరిచిపోయాను. వాడు పిడికిళ్ళు బిగించే పడ్డాడు. చేతి గార్డు ప్లాస్టిక్కు మీద పొడుగాటి గీత పడింది, హెల్మెట్ ముందు భాగం మంచుకు కొట్టుకుంది. తల తిరుగుతోందా, వికారంగా ఉందా, ఈ రోజు ఏ వారం అని అడిగాను. గ్లవ్ తీసి బొటనవేలి మొదట్లో ఉండే గుంటలో నొక్కి చూశాను. అక్కడ నొప్పి ఉంటే, మొదటి ఎక్స్‌రేలో కనబడకపోయినా, స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగి ఉండవచ్చు. నొప్పి లేదన్నాడు. ముంజేయి మాత్రం కమిలింది. తలకు తగిలింది గనుక ఆ రోజుకు ఇక బోర్డు ఎక్కవద్దన్నాను. వాడు ఎదురు చెప్పలేదు.

ముగ్గురం టీ దుకాణంలో కూర్చున్నాము. కుంకుమపువ్వు, యాలకులు వేసిన కహ్వా వేడిగా ఇచ్చారు. అప్పుడు నాకు మాట దొరికింది. “నాన్నా, మీ నాన్న జాగ్రత్త ఆయన్ను కాపాడలేదు, నిజమే. కానీ ఆయనకు జ్వరం వచ్చిన రోజు జ్ఞాపకముందా?” అన్నాను.

వాడు చాలాసేపు కప్పు వైపు చూశాడు. “ముందు గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు” అన్నాడు. “నన్ను కంచం గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపొమ్మన్నారు. నేను లోపలికి వస్తానంటే తిట్టారు.”

“మన ముగ్గురిలో ఎవరికైనా అంటుకుందా?” అని అడిగాను.

వాడు తల అడ్డంగా ఊపాడు. మా అమ్మాయి వాడి చేయి పట్టుకుంది. రెండు సంవత్సరాలుగా ఏడవనివాడు ఆ టీ దుకాణంలో, తెలియని మనుషుల మధ్య ఏడ్చాడు. దుకాణం పెద్దాయన ఏమీ అడగకుండా తన ఫెరన్ కింద ఉన్న కాంగ్డీ, అంటే నిప్పుల కుండ, తీసి వాడి కాళ్ళ దగ్గర పెట్టాడు.

పైకి వెళ్ళిన ఇద్దరు కుర్రవాళ్ళు ఆ సాయంత్రం క్షేమంగానే తిరిగి వచ్చారు. బాబు వాళ్ళను చూసి నా వైపు చూశాడు. “క్షేమంగా వచ్చారు, సంతోషం” అన్నాను. నిజంగానే సంతోషించాను. ప్రతిసారీ ప్రమాదం జరగదు. బ్రేకులు లేని సైకిలు మీద కూడా చాలాసార్లు ఇంటికి చేరతాము. మరుసటి సంవత్సరం, 2024 ఫిబ్రవరిలో, గుల్మార్గ్ పైకొండల్లో మళ్ళీ మంచుచరియలు పడి ఒక రష్యా దేశస్థుడు చనిపోయాడన్న వార్త చదివినప్పుడు బాబు నాకు హాస్టలు నుండి ఫోను చేశాడు. ఆ కుర్రవాళ్ళ సంగతి ఇద్దరం తలచుకున్నాము.

చివరి రోజు

ఆరవ రోజు ఉదయం బాబుకు తలనొప్పి గానీ, మరే ఇబ్బంది గానీ లేదని చూసుకున్న తరువాత మొదటి అంచె గండోలాలో యాత్రికుల్లాగా కోంగ్‌డోరి వెళ్ళాము. అక్కడి నుండి అఫర్వత్ శిఖరం వైపు బాబు చాలాసేపు చూశాడు. “ఇంకా మూడు, నాలుగు శీతాకాలాలు నేర్చుకుంటే వెళ్ళవచ్చునేమో” అన్నాడు. “మూడు సామాన్లూ కొనుక్కుని, తెలిసినవాళ్ళతో” అని తానే కలిపాడు. నేను వద్దనలేదు.

కిందికి వచ్చి మళ్ళీ చిన్న వాలు ఎక్కాడు. మధ్యాహ్నపు ఎండకు మంచు మెత్తబడింది. బయలుదేరేముందు తల తిప్పి పైవైపు చూశాడు. ఎడమకు, కుడికి, మళ్ళీ ఎడమకు తిరుగుతూ దిగాడు. అడ్డం వచ్చిన చెక్కబండిని చూసి ముందుగానే ఆగి, అది దాటాక కదిలాడు. నా పక్కకు వచ్చి ఆగి, పట్టీలు విప్పి, బోర్డు తిరగేసి మంచులో పెట్టాడు.

ప్రియ తల్లిదండ్రులారా, మీ పిల్లలు కూడా ఏదో ఒకరోజు ఇటువంటిది అడుగుతారు. మంచు కాకపోతే సముద్రం, సముద్రం కాకపోతే మోటారు సైకిలు. మన భయంతో వాళ్ళ దారి మూసివేయకండి. అలాగని ఎవరో చెప్పారని వదిలేయకండి. నేర్పేవాణ్ణి వెతకండి, సరిపోయే సామాను ఇప్పించండి, చిన్న వాలు మీద మొదలుపెట్టమనండి. వీలైతే వాళ్ళు పడేచోట మీరూ నిలబడండి.

తిరుగు ప్రయాణంలో జీపు తంగ్‌మర్గ్ దిగుతుండగా బాబు వాళ్ళ నాన్న గూర్చి మాట్లాడడం మొదలుపెట్టాడు. శ్రీనగర్ వచ్చేవరకు మాట్లాడుతూనే ఉన్నాడు.